ముందు కారు, వెనక బండి



కొత్తగా వచ్చిన మోడళ్ల గురించీ, మైలేజీ గురించీ, సర్వీసింగ్ ఖర్చుల గురించీ ఎన్నో ఉత్తరాల్లో మాట్లాడుకున్నాం. ఈసారి ఏ షోరూములోనూ దొరకని జాతి ఒకటి పరిచయం చేస్తాను. ఎదురుగా నిలబడి చూస్తే అది మస్టాంగో, కొర్వెట్టో, బీఎండబ్ల్యూ ఎం3యో. పక్కకు వచ్చి చూస్తే మాత్రం ముందు తలుపుల దగ్గరే టాప్ ఆగిపోతుంది. ఆ తర్వాత ఇసుకైనా, కలపైనా, మోటారు సైకిలైనా వేసుకోగల తొట్టి కనబడుతుంది. సొంత షెడ్లలో, చిన్న వర్క్‌షాపుల్లో, ఎక్కువ భాగం చేతిపనితో తయారయ్యే బళ్లివి. వీటిని చూసి నవ్వేవాళ్లూ ఉన్నారు, కోప్పడేవాళ్లూ ఉన్నారు. నాకైతే లోహంతో చేసే పనుల్లో ఇంతకంటే ధైర్యమూ ఓపికా కావలసినది ఇంకొకటి కనబడలేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందుగా ఒక తేడా చెప్పాలి. మన రోడ్ల మీద తిరిగే పికప్పులు చాలావరకు చిన్న లారీలే. నిచ్చెన ఆకారంలో ఉక్కు ఛాసిస్, దాని మీద విడిగా క్యాబిన్, విడిగా తొట్టి. నేను చెప్పేవి వాటికి చుట్టాలు కావు. కారు నేల మీదే, కారు ముఖంతోనే, వెనక సీటూ డిక్కీ ఉండాల్సిన చోట తొట్టి అమర్చినవి. ఆస్ట్రేలియా వాళ్లు వీటిని యూట్ అంటారు, ఇవి పుట్టిందీ అక్కడే.

ఆ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1930ల మొదట్లో గిప్స్‌లాండ్ ప్రాంతం నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసింది. ఆదివారం చర్చికి వెళ్లడానికి కారు కావాలి, సోమవారం పందుల్ని సంతకు తోలడానికి ట్రక్కు కావాలి, రెండూ కొనే స్తోమత మాకు లేదు అని ఆమె గోడు. జీలాంగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్న లూ బాండ్ట్ అనే యువ డిజైనర్ ఆ ఉత్తరాన్ని పనిగా మార్చాడు. కూపే కారు ముందు భాగం తీసుకున్నాడు. వెనక ఛాసిస్‌ను గట్టిపరిచాడు. క్యాబిన్ పక్క రేకులు ఎక్కడా తెగకుండా తొట్టి పక్క రేకుల్లోకి సాగిపోయేలా మలిచాడు. 1934లో బయటికొచ్చిన ఆ బండి దాదాపు 550 కిలోల లోడు మోసేది. ఆ గృహిణి అడిగింది మోజు కొద్దీ కాదు. అందుకే ఆ డిజైను ఎనభై ఏళ్లకు పైగా బతికింది.

అమెరికాకు ఈ ఆలోచన ఆలస్యంగా చేరింది. 1957లో ఫోర్డ్ రాంచెరో వచ్చింది. దానికి పోటీగా షెవర్లే 1959 మోడలుగా ఎల్ కమీనో తెచ్చి, 1960 తర్వాత ఆపేసి, 1964లో షెవెల్ కారు ఆధారంగా మళ్లీ మొదలుపెట్టింది. కాస్త చేయి తిరిగిన మెకానిక్కులందరికీ ఎల్ కమీనో ఇష్టం కావడానికి కారణం దాని కడుపులో ఉంది. 1968 నుంచి 1972 దాకా వచ్చిన మోడళ్లలో సీటు వెనక, తొట్టి నేల రేకు ముందు భాగంలో ఒక పలక ఉంటుంది. అది విప్పితే కింద లోతైన గుంత కనబడుతుంది. స్టేషన్ వ్యాగన్‌లో వెనక కూర్చున్నవాళ్లు కాళ్లు పెట్టుకునే చోటది. వ్యాగన్ నేలనే వాడుకుని, సీటు తీసేసి, పైన రేకు పరిచి కంపెనీయే పికప్ చేసిందన్నమాట. పాత బళ్ల ప్రేమికులు ఆ గుంతకు స్మగ్లర్ పెట్టె అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. ఆ గుంత చూసిన ప్రతి వెల్డరుకూ ఒక సంగతి అర్థమైంది: కంపెనీ చేసిన పనే జాగ్రత్తగా చేస్తే తన షెడ్డులో తనూ చేయగలడని.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఈ చీలిక తెలియకపోతే వీటిలో ఏది మంచి పనో, ఏది పై మెరుగో తేల్చలేం.

మొదటిది, పికప్‌కు స్పోర్ట్స్ కారు ముఖం పెట్టడం. చాలా కార్లలో ముందు మడ్‌గార్డులు, బానెట్, గ్రిల్ అన్నీ బోల్టులతో బిగించినవే. విప్పితే వస్తాయి. అందుకని ఎల్ కమీనోకు కొర్వెట్ ముక్కు తగిలించినవాళ్లు ఉన్నారు. కొర్వెట్ బాడీ మొదటి నుంచీ ఫైబర్‌ది కాబట్టి కోయడం, అతకడం, రుద్ది నునుపు చేయడం ఇంకా తేలిక. 1980లలో టెన్నెసీ రాష్ట్రం చాటనూగాలోని చూ చూ కస్టమ్స్ అనే సంస్థ ఎల్ కమీనోలకు మాంటీ కార్లో ఎస్ఎస్ తరహా వంపు ముక్కు అమర్చి అమ్మింది. చూపు నిజంగా అందంగా ఉండేది, ఇంజను మాత్రం మామూలు ఎల్ కమీనోదే. తప్పేమీ లేదు గానీ ఇలాంటి పనిలో బండి ఎముకలు ఎక్కడివక్కడే ఉంటాయి. పైగా షెవర్లే 1970లోనే ఎల్ కమీనోకు 454 ఘనపు అంగుళాల ఎల్ఎస్6 ఇంజను, 450 హార్స్ పవర్‌తో ఇచ్చింది. బలమే కావాలంటే కంపెనీ లోపలి నుంచే ఇచ్చేసిన కాలం అది.

రెండో దారి దీనికి తలకిందులు. స్పోర్ట్స్ కారునే తీసుకుని దాని వెనక భాగాన్ని కోయడం. ఇక్కడ బోల్టులు లేవు. ఛాసిస్ విడిగా లేని మోనోకాక్ కార్లలో టాప్, వెనక పక్క రేకులు, వెనక అద్దం కింది పలక, డిక్కీ నేల అన్నీ వెల్డు చేసిన ఒకే పెట్టె. కారు వంకర పోకుండా నిలబెట్టేది ఆ పెట్టే. దానిలో మూడో వంతు కోసి పారేసి, మిగిలినదాన్ని మునుపటంత బిగువుగా నిలబెట్టాలి. నా గౌరవం ఎక్కువ భాగం ఈ దారిన నడిచినవాళ్లకే.

మామిడి మీద మామిడే అంటు పడుతుంది, వేప మీద పడదు. ఈ బళ్ల విషయంలోనూ అంతే, చుట్టరికం ఉన్నచోటే అతుకు నిలుస్తుంది. 1966లో బెవర్లీ హిల్స్ మస్టాంగ్ అనే సంస్థ ముస్టెరో పేరుతో మస్టాంగ్ పికప్పులు చేసింది. ముందు మస్టాంగ్, వెనక రాంచెరో పోలిక. ఆ జోడీ యాదృచ్ఛికంగా కుదిరింది కాదు. మస్టాంగ్ కింది నిర్మాణం ఫోర్డ్ ఫాల్కన్ నుంచి వచ్చింది. 1960 నుంచి 1965 దాకా రాంచెరో కూడా ఫాల్కన్ మీద కట్టిందే. అంటే ఈ రెండూ ఒకే ఇంటి బిడ్డలు. తమ ఊహలోని బండికి కంపెనీ ఇంట్లోనే మేనరికం ఉందని ఆ బెవర్లీ హిల్స్ వాళ్లు కనిపెట్టారు.

ఇంతకంటే చక్కని ఉదాహరణ పాంటియాక్ జీ8. 2008లో పాంటియాక్ ఒక స్పోర్ట్స్ పికప్‌ను న్యూయార్క్ ఆటో షోలో చూపించింది. నిజానికి అది ఆస్ట్రేలియాలో తయారయ్యే హోల్డెన్ యూట్, ముఖం మాత్రం పాంటియాక్‌ది. మాంద్యం ముంచుకొచ్చి 2009 జనవరిలో ఆ ప్రయత్నం రద్దయింది. అయితే జీ8 సెడాన్ అప్పటికే అమెరికాలో అమ్ముడైంది, అదీ ఆస్ట్రేలియాలో తయారైన హోల్డెన్ కమడోరే. దాంతో కొందరు అమెరికన్లు ఆస్ట్రేలియా నుంచి హోల్డెన్ యూట్ బాడీలు తెప్పించుకున్నారు. అమెరికాలోని జీ8 నుంచి ఇంజను, ముందు భాగం, ఎడమ స్టీరింగ్ డ్యాష్‌బోర్డు తీసి దానికి ఎక్కించారు. కంపెనీ ఇస్తానని ఇవ్వని బండిని తమ చేతులతో తామే చేసుకున్నారు. ఆ పని చూస్తే నాకు ఆ యంత్రం మీద వాళ్లకున్న మమకారం కనబడుతుంది. బోల్టు రంధ్రాలు సరిపోతాయి, వైర్లు సరిపోతాయి, తలుపుల సందులు సరిపోతాయి, ఎందుకంటే రెండూ ఒకే ఫ్యాక్టరీ లెక్కల్లో పుట్టాయి.

ఆస్ట్రేలియా వాళ్లకైతే ఇంత కష్టపడాల్సిన పని లేకపోయింది. హోల్డెన్ అనుబంధ సంస్థ హెచ్ఎస్వీ 1990 నుంచి మలూ పేరుతో వీ8 స్పోర్ట్స్ యూట్లను అమ్మింది. 2006 మే నెలలో వూమెరా దగ్గర రేసర్ మార్క్ స్కైఫ్ ఒక మలూను గంటకు 271.44 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. 2014 నాటి మలూ జీటీఎస్‌కు సూపర్‌చార్జరు ఉన్న 6.2 లీటర్ల ఇంజను, 430 కిలోవాట్ల శక్తి. ఇవన్నీ తొట్టి ఉన్న బళ్లే అని గుర్తుపెట్టుకోండి. అయితే ఒక చిన్న తేడా చూడండి. పోటీ కంపెనీ ఫోర్డ్ తన ఫాల్కన్ యూట్‌లో 1999 నుంచి తొట్టిని క్యాబిన్ నుంచి విడదీసి, కింద కమాను కట్టలు పెట్టింది. బరువు మోయడానికి అది మేలు. హోల్డెన్ మాత్రం తొట్టినీ క్యాబిన్‌నూ ఒకే రేకుగా ఉంచి, వెనక చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఇచ్చింది. మలుపుల్లో అది మేలు. ఒకరు సోమవారం వైపు మొగ్గారు, ఇంకొకరు ఆదివారం వైపు.

జర్మనీ సంగతి ఇంకా ఆసక్తికరం. 1986లో బీఎండబ్ల్యూ ఎం విభాగానికి విడిభాగాలు అటూ ఇటూ మోసే బండి అవసరమైంది. ఒక వ్యాను కొనుక్కుంటే సరిపోయేది. వాళ్లు ఎం3ని పికప్ చేశారు. దానికోసం ఎంచుకున్నది మామూలు రెండు తలుపుల ఎం3 బాడీ కాదు, టాప్ తెరుచుకునే కన్వర్టిబుల్ బాడీ. నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే ఇష్టమైన వివరం ఇదే. కన్వర్టిబుల్‌కు పైకప్పు ఉండదు కాబట్టి దాని నేలలోనూ గుమ్మాల్లోనూ అదనపు బిగింపులు ఫ్యాక్టరీలోనే వేసి ఉంటాయి. టాప్ లేకుండా నిలబడడం దానికి ముందే తెలుసు. అలాంటి బాడీ వెనక భాగాన్ని కోస్తే నష్టం తక్కువ. మొదట దానికి ఇటలీ మార్కెట్టు కోసం చేసిన రెండు లీటర్ల ఇంజను, 192 హార్స్ పవర్. అప్పట్లో ఇటలీలో రెండు లీటర్లు దాటితే పన్ను ఎక్కువ, అందుకే ఆ చిన్న ఇంజను. తర్వాత అసలు ఎం3 ఇంజను, 2.3 లీటర్లు, 200 హార్స్ పవర్, దానికి అమర్చారు. ఆ బండి ఇరవై ఆరేళ్లు ఆ ఆవరణలో సామాను మోసి 2012లో విశ్రాంతి తీసుకుంది. ఎక్కడా అమ్మలేదు, ప్రదర్శన కోసం చేయలేదు. పని చేసి చేసి అలసిపోయిన స్పోర్ట్స్ కారు.

దాని వారసుడు 2011లో వచ్చాడు. మళ్లీ కన్వర్టిబులే, ఈసారి వీ8 ఇంజను, 420 హార్స్ పవర్, 450 కిలోల లోడు. ఏప్రిల్ 1న ప్రకటించడంతో అందరూ ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. బండి నిజంగానే ఉంది, నిజంగానే సామాను మోసింది.

ఈ మధ్య కాలంలో బాగా పేరొచ్చిన పని సిమోన్ గియెర్ట్జ్‌ది. స్వీడన్‌లో పుట్టిన ఈ ఆవిష్కర్త, యూట్యూబర్ 2019లో కొత్త టెస్లా మోడల్ 3 కొని, మిత్రులతో కలిసి దాని వెనక భాగం కోసేసి పికప్ చేసింది. జూన్‌లో వీడియోగా లోకానికి చూపించింది, టెస్లా తన సొంత పికప్‌ను చూపించింది నవంబరులో. మోడల్ 3లో బరువైన బ్యాటరీ నేలలో ఉంటుంది. ఇంజను బరువంతా ముందు పడి వెనక తేలికైపోయే పాత బాధ ఇందులో తక్కువ. అయినా కష్టాలు తప్పలేదు. కోసిన తర్వాత కొత్త ఉక్కు బిగింపులు, క్యాబిన్ వెనక గోడ, నీరు కారకుండా సీలింగు. వెనక డోరు లాంటి పనులు బండి రోడ్డెక్కాక కూడా మిగిలే ఉన్నాయి. ఆ వీడియోలో గ్రైండర్ పట్టుకుని కొత్త కారు మీద మొదటి గీత కోసే ముందు ఆమె ముఖంలో కనబడిన బెరుకు నన్ను బాగా పట్టేసింది. ఆ బెరుకు లేనివాళ్లు ఈ పనికి పూనుకోకూడదని నా నమ్మకం.

అమెరికాలో స్మిత్ పెర్ఫార్మెన్స్ అనే చిన్న సంస్థ ఇంకో పద్ధతి ఎంచుకుంది. డాడ్జ్ చార్జర్, సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, ఫోక్స్‌వ్యాగన్ జెట్టా లాంటి కార్లను యూట్లుగా మార్చుకునే కిట్లు అమ్ముతుంది. ఎక్కడ కోయాలో, ఏ ముక్క ఎక్కడ అతకాలో ముందే కొలిచి ఇస్తారు. ఇంట్లో గ్రైండరూ ఓపికా ఉన్నవాళ్లకు అది పెద్ద ఊరట.

ఇక కోత గురించి నాలుగు మాటలు. మీలో డెంటింగ్ పని చేసేవాళ్లకు ఇది కొత్త కాదు, మిగతావాళ్లకు చెప్పాలి. గ్రైండర్ ముట్టుకోకముందే తలుపుల చట్రాల్లో, ముందు స్తంభం నుంచి వెనక స్తంభం దాకా ఇనుప పైపులు వెల్డు చేస్తారు. లేకపోతే కోసిన మరుక్షణం బాడీ నడుం వంగుతుంది. కారు తన నాలుగు చక్రాల మీదే నిలబడి ఉండాలి, ఒక చివర జాకీ మీద ఉంటే ఆ వంకరే శాశ్వతమైపోతుంది. సీటు వెనక ఉక్కు గోడ వస్తుంది, దాంట్లోనే వెనక అద్దం. సీటు బెల్టు పై కొక్కెం ఉన్న స్తంభాన్ని కోయకూడదు, దాని బలం కొంచెం కూడా తగ్గకూడదు, అది ప్రాణం సంగతి. నేలలో పెట్టె ఆకారపు ఉక్కు గొట్టాలు వేస్తారు. పెట్రోలు ట్యాంకు మెడ కొత్త పక్క రేకుకు అందేలా మళ్లించాలి. తొట్టిలో నీరు పోయే రంధ్రాలు మరిచిపోతే చక్రాల గూళ్ల మీద తుప్పు మొదలవుతుంది, రెండు వానాకాలాలకే పని బయటపడుతుంది.

ఆ తర్వాత బ్రేకుల లెక్క. ఖాళీ తొట్టితో గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందుగా పట్టేసుకుని బండి తిరిగిపోవచ్చు. లోడు వేస్తే అదే బండి వెనక కిందికి కూర్చుంటుంది. ఎల్ కమీనోకు గాలి నింపే షాక్ అబ్జార్బర్లు ఇచ్చింది ఇందుకే. ఇంట్లో చేసేవాళ్లు ఈ భాగాన్ని చివరికి వదిలేస్తారు, నా దృష్టిలో మొదట లెక్క వేయాల్సింది ఇదే. ఈ బండిలో ఏం వేస్తావు, ఎన్ని కిలోలు వేస్తావు అన్న ప్రశ్నకు జవాబు లేకుండా మొదలైన పనులే సగంలో ఆగిపోయి షెడ్డు మూలల్లో కనబడతాయి. గిప్స్‌లాండ్ గృహిణి దగ్గర ఆ జవాబు ఉంది. బీఎండబ్ల్యూ వర్క్‌షాపు దగ్గరా ఉంది.

అందమైన స్పోర్ట్స్ కారును కోయడం పాపం అనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మిగిలిన పాత మస్టాంగ్‌నో కొర్వెట్‌నో కోస్తానంటే నేనూ ఒప్పుకోను. మళ్లీ తయారుకాని వస్తువది. కానీ ప్రమాదంలో వెనక భాగం నుజ్జయిన కార్లు ఉంటాయి. ఇన్సూరెన్సు వాళ్లు వాటిని తుక్కు కింద రాసేస్తారు. ముందు ఇంజను, గేరుబాక్సు, సస్పెన్షన్, క్యాబిన్ అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా సరే. ఎలాగూ కోయాల్సిన భాగమే దెబ్బతిన్నది కాబట్టి పికప్‌గా మార్చడానికి అంతకంటే తగిన కారు ఉండదు. తుక్కు కొట్టు గేటు దాకా వెళ్లిన బండిని వెనక్కి పిలుచుకొచ్చి ఇంకో పదేళ్లు పని చేయించడంలో నాకు ఏ పాపమూ కనబడదు. కోయాలనుకునేవాళ్లు అలాంటి కారునే వెతుక్కోవాలని గట్టిగా చెబుతాను.

మన దగ్గర ఇది చేయొచ్చా అని అడిగేవాళ్లకు సూటిగా చెబుతున్నాను, చేయకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో నమోదైన తయారీదారు వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. అదే ఏడాది చేసిన సవరణలో యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ అని చేర్చారు. ఇన్సూరెన్సు దగ్గరా చిక్కే. అయినా మన దేశంలో కారుకూ పికప్‌కూ కుదిరిన చుట్టరికం ఒకటుంది, అది ఎదురు దారిలో నడిచింది. టాటా వాళ్లు 1988లో టాటా మొబైల్ అనే పికప్ తెచ్చారు. దాని నిర్మాణం నుంచే 1991లో సియెరా, ఆ తర్వాత ఎస్టేట్ వచ్చాయి. తొట్టి తీసేసి అద్దాల గది కట్టారన్నమాట. పాత సియెరాను ఈసారి ఎక్కడైనా చూస్తే ఆ పికప్ నడుమును వెతకండి.

మెల్‌బోర్న్, సిడ్నీ, డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్న మన పాఠకులకు మాత్రం ఈ బళ్లను దగ్గర నుంచి చూసే అవకాశం ఉంది. ఆస్ట్రేలియాలో ఫాల్కన్ యూట్ 2016లో, హోల్డెన్ కమడోర్ తయారీ 2017లో ఆగిపోయాయి. అయినా రోడ్ల మీద అవి ఇంకా తిరుగుతున్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లోని డెనిలిక్విన్‌లో 1999లో మొదలైన యూట్ల జాతర ఒకటి ఉంది, వీలైతే వెళ్లండి. పాత కార్ల ప్రదర్శనల్లో ఇంట్లో చేసిన బండి కనబడితే ముందు ముఖం చూడకండి. తలుపు తెరిచి వేసి చూడండి, ఎత్తి వేయాల్సి వస్తే నడుం వంగిందని అర్థం. తలుపు సందు పైనా కిందా ఒకే వెడల్పు ఉందా గమనించండి. క్యాబిన్ స్తంభం తొట్టి పక్క రేకును కలిసే మూలలో వేలు పెట్టి చూడండి, పుట్టీ పగుళ్లు ఉంటే లోపల వెల్డు సరిగా లేనట్టే. తర్వాత వంగి కింద చూడండి. యజమాని పక్కనే ఉంటే ఏ కారుకు ఏ కారు అతికించారో, ఎందుకు ఆ రెండే ఎంచుకున్నారో అడగండి. ఇలాంటి పని చేసినవాళ్లు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు, గంటసేపు చెబుతారు. వాళ్లు చెప్పింది నాకూ రాసి పంపండి. ఫొటో తీస్తే పక్క నుంచి తీయండి, టాప్ ఆగిన చోటు కనబడేలా.

ఉంటాను.

ఇట్లు
మీ మిత్రుడు